కామాఠీపురా కల్చర్

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే మా అమ్మ "కంపెనీల కెమిస్టు" అని చెప్పేది. మా అక్క మొగుడు, అంటే మా బావ, "మోరీ కెమిస్టు" అనేవాడు, మురుగుకాల్వ కెమిస్టని. ఇద్దరిదీ నిజమే. కలుపు మందులు తయారుచేసే ఫ్యాక్టరీలో, వాడి పారేసిన నీళ్లను శుద్ధి చేసే విభాగంలో చేరాను. అందులోనే జుట్టు నెరిసి రిటైరయ్యాను. మీరు ఆఫీసులో ఏం చేస్తారో ఇంట్లోవాళ్లకు చూపించడానికి మీకు ఫోన్లో ఫోటోలైనా ఉంటాయి. నా పని సరిగ్గా సాగిన రోజున చూపించడానికి ఏమీ ఉండేది కాదు. సాగని రోజున మాత్రం ఫ్యాక్టరీ మొత్తం ముక్కు మూసుకుని నా వైపు చూసేది.

అసలు ఉద్యోగం రావడమే ఒక తమాషా. ఇంటర్వ్యూలో నా కాగితం మీద అడ్రసు చదివిన ఆఫీసరు ఒకసారి నా మొహంలోకి చూసి, చప్పున కళ్లు దించుకుని, పెన్ను మూత తీయడం పెట్టడం మొదలుపెట్టాడు. మా పేటంటే లోకానికి ఎర్రదీపాల వీధులే కాబట్టి, కామాఠీపురా అనగానే ముంబైలో పెద్దమనుషులకు ఒకరకం దగ్గు వస్తుంది. ఆయనకూ వచ్చింది. ఆ గల్లీల్లో బడికెళ్లే పిల్లలూ, వరస గదుల చాల్ బిల్డింగుల గ్యాలరీలో వడియాలు ఎండబెట్టే ముసలమ్మలూ, చిన్నదానికీ పెద్దదానికీ పంచాయితీ పెట్టే మా తెలుగు చాల్ మండలివాళ్లూ ఉంటారని ఆ దగ్గుకు తెలియదు. నేను నా ముందున్న మంచినీళ్ల గ్లాసు ఆయన వైపు జరిపాను. ఆయన తాగాడు. ఉద్యోగం వచ్చింది.

ఫ్యాక్టరీ ఖాడీ అవతల, అంటే సముద్రపు పాయకు ఆవలి ఒడ్డున, ఉండేది. రోజూ గ్రాంట్ రోడ్‌లో లోకల్ ఎక్కి, దాదర్‌లో మారి, ఠాణాలో దిగితే అక్కణ్ణుంచి కంపెనీ బస్సు. మా విభాగం ఫ్యాక్టరీ వెనక గోడకు ఆనుకుని ఉండేది, ఇంట్లో పాయిఖానాకు ఎక్కడ చోటిస్తారో అక్కడ.

అక్కడ జరిగేది నాలుగు ముక్కల్లో చెబుతాను. ఫ్యాక్టరీ నుంచి వచ్చే నీళ్లు ఆసిడ్‌తో, ఉప్పుతో, ఫినాయిల్ లాంటి ఘాటుతో వస్తాయి. సున్నం కలిపి పులుపు విరిచి, మడ్డి కిందికి దించి, ఆ నీళ్లను ఒక పెద్ద సిమెంటు ట్యాంకులోకి పంపుతాం. అడుగు నుంచి బ్లోయర్లు గాలి ఊదుతుంటే అందులో గోధుమరంగు బురద సుళ్లు తిరుగుతుంటుంది. ఆ బురదంతా ప్రాణమే. కంటికి ఆనని పురుగులు. మనం పంపిన విషాన్ని కొంచెం కొంచెంగా తిని బతకడం వాటి ఉద్యోగం. వాటికి జీతం లేదు, ఆదివారం లేదు, యూనియన్ లేదు. ఫ్యాక్టరీలో నోరెత్తకుండా పనిచేసేది అవి మాత్రమే అని నేననేదాన్ని. అవి బాగున్నప్పుడు ట్యాంకు దగ్గర తొలకరికి తడిసిన మట్టి వాసన వస్తుంది. నమ్మరు గాని నిజం.

వాటి విషయంలో పాటించాల్సిన నియమం ఒక్కటే. మందు తయారయ్యాక అడుగున మిగిలే చిక్కటి ద్రవం మా దగ్గరికి రాకూడదు. దాన్ని మదర్ లిక్కర్ అంటారు. పేరు విని మా ఆపరేటరు మొదటిరోజు చాలా ఆశపడ్డాడు. అది గుక్కెడు పడితే చాలు, పురుగులకు నూకలు చెల్లినట్టే. అందుకే దాన్ని వేరే గొట్టంలో ఎవాపరేటరుకు పంపి, మరిగించి, మిగిలిన ఉప్పును మూటగట్టి బయటికి పంపించేవారు.

ఆపరేటరు అన్నాను కదా. ఆయన పాలమూరు నుంచి వలసొచ్చినవాడు. ముందు బిల్డింగుల మీద సెంట్రింగు పని చేశాడు, తర్వాత కాంట్రాక్టరు చేతికింద మా దగ్గరికి వచ్చాడు. ధారావిలో తన ఊరివాళ్లతో కలిసి ఒక ఇరుకు గది ఖోలీలో ఉండేవాడు. నేను కాకా అనేదాన్ని. నలుగురిలో నన్ను మేడం అనేవాడు, ఇద్దరమే ఉంటే బిడ్డా అనేవాడు. పని బాగా తెలిసినవాడని చెప్పలేను. తెలియదని ఒక్కనాడూ ఒప్పుకోలేదన్నది మాత్రం చెప్పగలను. పంపు ఆగితే గ్రహణం వల్ల, నురగ వస్తే అమావాస్య వల్ల. ఆయనతో వాదించి నేను గెలిచిన గుర్తు లేదు.

ప్రొడక్షన్ హెడ్డు ఇంకో రకం. నిగనిగలాడే బూట్లు, ఇస్త్రీ నలగని చొక్కా. మా వైపు వస్తే జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకునేవాడు. ఆ వాసన తన దగ్గర్నుంచే వచ్చిందన్న సంగతి ఆయనకు ఎప్పుడూ తట్టలేదు. ఈయన పైన పెద్దసారు, అంటే ఫ్యాక్టరీ మేనేజరు. మంచి మనిషి, నిర్ణయం తీసుకోవాల్సిన అవసరం రానంతవరకు. వచ్చిందా, గ్యాస్ ట్రబుల్ మొదలయ్యేది. జేబులోంచి వాము తీసి నములుతూ అందరూ చెప్పేది వినేవాడు. చివరికి "చూద్దాం" అనేవాడు.

ఒక ఏడు వానాకాలం మొదట్లో, పొద్దున్నే బస్సు దిగి మా విభాగం వైపు నడుస్తుంటే ఏదో తేడాగా అనిపించింది. మట్టి వాసన లేదు. ఆసుపత్రి వరండాలో వచ్చే వాసన వస్తోంది. ట్యాంకు మీద తెల్లటి నురగ అట్టకట్టి ఉంది. కింద నీళ్లు బూడిదరంగుకు తిరిగాయి. ఒక చుక్క తీసుకుని మైక్రోస్కోపు కింద పెట్టాను. మామూలుగా అక్కడ దాదర్ స్టేషన్ అంత హడావిడి ఉంటుంది. ఆరోజు నిమజ్జనం అయిన మర్నాటి మండపంలా ఉంది. కదిలేది ఒక్కటీ లేదు.

కాకా నా వెనక నిలబడి, పక్క ఫ్యాక్టరీ సూపర్‌వైజరు నిన్న సాయంత్రం గోడ మీంచి చూశాడని, దిష్టి తగిలిందని తేల్చేశాడు. నేను ల్యాబ్ నుంచి తిరిగొచ్చేసరికి బ్లోయరుకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టి ఉన్నాయి.

మీటింగులో ప్రొడక్షన్ హెడ్డు దిష్టి అనలేదు, ఆపరేటరు నిద్రపోయాడన్నాడు. గాలి ఆగిపోయి పురుగులు చచ్చాయట. నేను మందులు తయారయ్యే ఆయన బ్లాకుల నుంచి ఏదైనా తప్పు గొట్టంలో పడిందేమో చూడమన్నాను. ఆయన చిన్నపిల్లను చూసినట్టు నన్ను చూసి నవ్వాడు. పెద్దసారు వాము నమిలి, చూద్దాం అన్నాడు.

గేదెల తబేలా నుంచి పేడ తెప్పించి కలిపాం. అందులోని పురుగులు కొద్దిరోజులు కదిలాయి, ఆ తర్వాత అవీ పోయాయి. అప్పుడు టై కట్టుకున్న కన్సల్టెంటు ఒకాయన వచ్చాడు. వెండి రంగు ప్యాకెట్లలో పొడి తెచ్చాడు. అందులో ప్రత్యేకంగా పెంచిన పురుగులు నిద్రలో ఉన్నాయని, నీళ్లలో పడగానే లేస్తాయని చెప్పాడు. లేచాయో లేదో తెలియదు, లేచినా చుట్టూ చూసి మళ్లీ పడుకుని ఉంటాయి. మన వాతావరణం వాటికి పడలేదని చెప్పి ఆయన వెళ్లిపోయాడు.

ఈలోగా కాలుష్య నియంత్రణ బోర్డు వాళ్లు వచ్చి మా నీళ్ల శాంపిల్ పట్టుకెళ్లారు. మళ్లీ వచ్చేసరికి ఇలాగే ఉంటే ఫ్యాక్టరీ మూయిస్తామని పెద్దసారుకు మొహం మీదే చెప్పారు. శుద్ధి కాని నీళ్లను బయటికి వదలకూడదు కాబట్టి అన్నింటినీ నిల్వ ట్యాంకులో పెడుతున్నాం. అది రోజురోజుకూ నిండుతోంది. పైన వాన. వెనక గోడ కింద వాన నీళ్ల కాల్వకు ఒక ఇనుప గేటు ఉండేది. కాల్వ పోయి ఖాడీలో కలుస్తుంది. ఖాడీలో చేపలు పట్టే కోళీలు వలలు కట్టుకుంటారు. ఆ గేటు తాళంచెవి మా విభాగంలో, అంటే కాకా జేబులో ఉండేది. ఇది గుర్తుంచుకోండి, దీనివల్లే కథ మలుపు తిరిగింది.

ఆ ఆదివారం అక్కావాళ్లింటికి వెళ్లాను. మా బావ మున్సిపాలిటీ డ్రైనేజీ ఖాతాలో ముకాదం, అంటే కూలీల మీద పెద్ద. మా గల్లీల మోరీల్లో ఎక్కడ ఏం అడ్డం పడ్డదో ఆయనకు కంఠతా వచ్చు. నా మొహం చూసి ఏమైందన్నాడు. చెప్పాను. పేడ సంగతీ, పొడి సంగతీ అన్నీ విని, గ్యాలరీ కటకటాలకు ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వాడు.

"అరే బాబా, ప్యాకెట్ల పురుగులు ఏం బతుకుతయి మర్దలా? మా మోరీల పురుగులను సూడు. ఫినాయిలు తాగినయి, ఆసిడ్ తాగినయి, పండుగలకు సారా గూడ తాగినయి. సచ్చిందే లేదు."

ఆయన హాస్యానికే అన్నాడు. నాకు మాత్రం బుర్రలో దీపం వెలిగింది. ట్యాంకు మొత్తానికి కాదు, ముందు ఒక క్యాను చాలు. గట్టి పురుగులను సీసాల్లో పెంచి, ఒక్కో బ్లాకు నీళ్లు ఒక్కో సీసాలో పోస్తే, ఏ సీసా చస్తుందో దొంగ ఆ బ్లాకులో ఉన్నట్టు. బావా, నాకు ఒక క్యాన్ ఇప్పించవా అన్నాను. చీరలు అడిగే మరదళ్లను చూశాను గాని మోరీ అడిగే మరదల్ని చూడలేదంటూనే, పొద్దుటికల్లా నూనె క్యాన్ నింపి పంపించాడు.

ఆ క్యాను పట్టుకుని లేడీస్ డబ్బా ఎక్కాను. నా చుట్టూ జాగా దానంతటదే ఖాళీ అయింది. ఆ రద్దీలో నాకు అంత విశాలంగా ఎప్పుడూ దొరకలేదు. దాదర్‌లో మారేటప్పుడు బుద్ధొచ్చి సామాను డబ్బా ఎక్కి, చేపల గంపల మధ్య కూర్చున్నాను. అక్కడ నా వాసనను పట్టించుకునేవాళ్లు లేరు. అయితే నేనొకటి మరిచిపోయాను. ఆ పురుగులు బతికున్నవి. బతికున్నవి గాలి వదులుతాయి. కుర్లా దాటేసరికి క్యాను పొట్ట ఉబ్బింది, మూత కిర్రుమంటోంది. మెల్లగా వదులు చేశాను. బుస్సుమంది. పక్కనున్న కోళీ ఆమె గంప సర్దుకుంటూ ఏం పచ్చడని మరాఠీలో అడిగింది. మా ఇంటి దగ్గరిది అన్నాను. ఉప్పు తక్కువేశావు, అందుకే పులిసింది, ఈసారి చేయి ధారాళంగా వెయ్యి అని చెప్పి ఠాణా వచ్చేదాకా పచ్చళ్ల గురించి జ్ఞానబోధ చేసింది. నేను శ్రద్ధగా విన్నాను. ఇంకేం చెయ్యను?

ల్యాబ్‌లో గాజు సీసాలు వరుసగా పెట్టి, చేపల తొట్టిలో వాడే చిన్న గాలి పంపులు తగిలించి, బెల్లం నీళ్లు పోసి వాటిని మేపాను. బావ మాట నిజమే. మోరీ పురుగులు నాలుగు రోజులు తిరక్కముందే సీసాలను గోధుమరంగు చేసేశాయి. తర్వాత ఒక్కో బ్లాకు కాల్వలోంచి నేనే వెళ్లి నీళ్లు పట్టుకొచ్చి, ఒక్కో సీసాలో కొంచెం పోశాను. మర్నాడు చూస్తే ఒక్కటి తప్ప అన్నీ బాగున్నాయి. ఆ ఒక్కటీ తెల్లగా పాలిపోయి, ఆసుపత్రి వాసన కొడుతోంది. అది కొత్త బ్లాకుది. నేల కడిగిన నీళ్లు తప్ప ఇంకేమీ రాకూడని బ్లాకు.

సీసాలను పళ్లెంలో పెట్టుకుని, పెళ్లిచూపుల్లో కాఫీలు తెచ్చినట్టు మీటింగుకు తీసుకెళ్లాను. మా పనిలో విత్తనం పురుగులను కల్చర్ అంటారు. ఎక్కడి కల్చర్ అని పెద్దసారు అడిగాడు. చెప్పాను. ప్రొడక్షన్ హెడ్డు కుర్చీలో వెనక్కి వాలి హిందీలో అన్నాడు, కామాఠీపురాలో కల్చర్ కూడా ఉంటుందా మేడం అని. అందరూ నవ్వారు. పెద్దసారు నవ్వకుండా ఉండటానికి వాము వేసుకున్నాడు.

"ఉంటుంది సార్," అన్నాను. "మీ బ్లాకు నీళ్లు తాగేదాకా బతికే ఉంది."

ఆ మాటకు నాకు నేనే భుజం తట్టుకున్నాను. తొందరపడ్డాను. ఆయన ఎర్రబడి, అయితే అందరి ఎదుటా మళ్లీ శాంపిల్ తీయండి, రేపే తీయండి అన్నాడు. మర్నాడు గొడుగులు వేసుకుని అందరం కొత్త బ్లాకు కాల్వ దగ్గరికి ఊరేగింపుగా వెళ్లాం. నీళ్లు కొబ్బరినీళ్లలా వస్తున్నాయి. ఎవరికి ఏ కబురు ముందే వెళ్లిందో చెప్పనక్కరలేదు. ఆ నీళ్లు పోసిన సీసాలో పురుగులు హాయిగా ఈదాయి. నా పురుగులే నాకు ఎదురు సాక్ష్యం చెప్పాయి. మేడం చదువుకున్నది మోరీ శాస్త్రం కదా, అప్పుడప్పుడు తప్పుతుందని హెడ్డు అంటే, క్యాంటీన్లో రెండ్రోజులు అదే మాట తిరిగింది. ఇంటికెళ్తూ లోకల్లో కిటికీ వైపు మొహం తిప్పుకుని ఏడ్చాను. ఎదురుగా కూర్చున్న ఆవిడ ఏమీ అడక్కుండా బటాణీల పొట్లం నా వైపు చాచింది. తిన్నాను. ఏడుపు ఆగింది.

ఆ తర్వాత వాన పట్టుకుంది. ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురిసింది. నిల్వ ట్యాంకు అంచుకు జానెడు కిందికి వచ్చింది. మధ్యాహ్నం ప్రొడక్షన్ హెడ్డు ఫోను చేశాడు. గొంతులో తేనె. ఇంత వానలో ఖాడీ నిండా నీళ్లే కదా, వెనక గేటు కాసేపు తెరిస్తే ఎవరికి తెలుస్తుంది, మీ ఆపరేటరును పంపండి అన్నాడు. పెద్దసారు చెప్పారా అని అడిగాను. ఆయనకు అభ్యంతరం లేదన్నాడు. పెద్దసారుకు ఫోను చేస్తే, హెడ్డు ఏదో చెప్తున్నాడు, మీరూ మీరూ చూసుకోండి, నాకు కడుపులో బాగాలేదన్నాడు.

నేను ఫోను పెట్టేసి బయటికి వచ్చాను. కాకా రేకుల కింద బీడీ వెలిగించుకోవడానికి అవస్థ పడుతున్నాడు. విషయం చెప్పాను. గేటు తెరిస్తే ఏం పోతుందో ఆయనకు నేను వివరించలేదు. ఆయనే కాల్వ వైపు చూశాడు. తెరవకపోతే ఏం పోతుందో కూడా ఇద్దరికీ తెలుసు. నాకు కంపెనీ ఉద్యోగమన్న ధీమా అయినా ఉంది, కాంట్రాక్టు మనిషి ఆయనకు అదీ లేదు.

కాకా గోడకేసి చూస్తూ అడిగాడు.

"బిడ్డా, నాకు జరం వస్తున్నదా?"

ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా, వాననీళ్లతో తడిసి ఉంది.

"బాగా వచ్చింది కాకా," అన్నాను. "ఇంటికి పోయి పండుకో. తాళంచెవి జేబులనే మర్చిపోయినవు."

"అవు. జరంల యాది ఉంటదా?"

బీడీ చెవిలో పెట్టుకుని, గోనెసంచి నెత్తిన కప్పుకుని, అంతవరకు ఎన్నడూ చూపని వేగంతో గేటు దాటాడు. ఆ మనిషి పరుగెత్తగలడని నాకు ఆరోజే తెలిసింది.

తర్వాత జరిగింది పెద్ద నాటకం. హెడ్డు స్వయంగా గొడుగు వేసుకుని, నిగనిగలాడే బూట్లు బురదలో ముంచుకుంటూ వచ్చాడు. తాళంచెవి ఏదన్నాడు. ఆపరేటరుకు జ్వరమండీ, తీసుకుని వెళ్లిపోయాడన్నాను. కోయించండి అన్నాడు. సెక్యూరిటీ పెద్దను పిలిచారు. ఆయన పాతకాలపు సిపాయి. తాళం కొయ్యాలంటే మేనేజరు సంతకం కావాలన్నాడు. హెడ్డు నేను నోటితో చెప్తున్నాను కదా అన్నాడు. నోటిమాటతో తాళం తెగదు సాబ్ అన్నాడాయన. పెద్దసారు దగ్గరికి మనిషిని పంపారు. ఆయన బాత్రూంలో ఉన్నాడు. మళ్లీ పంపారు. ఇంకా ఉన్నాడు. ఆ గేటు తెరవమని చెప్పడానికి ఎందరో ఉన్నారు గాని, చెప్పామని రాసిచ్చేవాడు ఒక్కడూ దొరకలేదు. ఆరోజు ఖాడీని కాపాడింది ధైర్యమని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి. సగం కాకా భయం, సగం పెద్దసారు భయం. 

నిల్వ ట్యాంకు అంచుకొచ్చేసరికి ఇక దారి లేదు. ఎక్కువ నీళ్లు పంపే బ్లాకును ముందు ఆపాలి. నేల కడిగిన నీళ్ల పేరుతోనే అయినా, అది కొత్త బ్లాకే. హెడ్డు తన నోటితోనే ఆపమన్నాడు.

ఆ బ్లాకు ఆగిపోవడమే నాకు కావలసింది. మర్నాడే బావకు ఫోను చేసి, ఈసారి క్యాను కాదు, ట్యాంకరు కావాలన్నాను. బిల్డింగుల సెప్టిక్ ట్యాంకులు తోడే ప్రైవేటు బండి ఒకటి ఆయనకు తెలుసు. మా గల్లీల సరుకంతా నింపుకుని ఆ బండి మా ఫ్యాక్టరీ గేటు ముందు ఆగింది. వాచ్‌మన్ ఏం మాల్ అని అడిగితే, డ్రైవరు కామాఠీపురా మాల్ అన్నాడు. వాచ్‌మన్ సిగ్గుపడి, లోపలికి తొంగి చూడకుండానే గేటు తీశాడు.

సిమెంటు ట్యాంకులో చచ్చిన నీళ్లు సగం తోడి, అవి పట్టేందుకు పాత సున్నం తొట్టెలు ఖాళీ చేయించి, ఆ జాగాలో ఈ సరుకు నింపాం. బెల్లం నీళ్లు పోస్తూ, ఫ్యాక్టరీ నీళ్లు మాత్రం పసిపిల్లకు ఉగ్గు పెట్టినట్టు కొంచెం కొంచెం కలుపుతూ వచ్చాను. రోజూ పైనుంచి ఫోను, ఇంకెప్పుడని. రోజూ అదే జవాబు, అప్పుడే కాదని. చివరికొక పొద్దున బస్సు దిగేసరికి మట్టి వాసన వచ్చింది. నేను నమ్మలేదు. వాన పడింది కదా, నిజం మట్టే అయి ఉంటుందనుకున్నాను. మైక్రోస్కోపులో చూశాను. దాదర్ స్టేషన్. పెద్ద పురుగు ఒకటి మీసాలు తిప్పుతూ అడ్డొచ్చినవన్నీ మింగుతోంది. దాన్ని చూస్తూ అలాగే కూర్చుండిపోయాను, టీ చల్లారిపోయింది.

చెప్పుకోవడానికి కాకా మాత్రం లేడు. జ్వరం తగ్గిందంటూ, ఉక్కపోతలో మెడకు మఫ్లరు చుట్టుకుని ఆయన పనిలోకి వచ్చిన రోజే, రేపట్నించి రావద్దని కాంట్రాక్టరు చెప్పేశాడు. చెప్పించింది ఎవరో నేను విడమరచనక్కరలేదు. నేను పెద్దసారు దగ్గరికి వెళ్లి, ఆయన్ను తీసేస్తే నన్నూ తీసెయ్యండన్నాను. చూద్దాం అన్నాడు. ధారావిలో కాకా ఖోలీ వెతుక్కుంటూ వెళ్లాను. ఆయన గుమ్మంలో కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. వంట వంతు ఆయనది.  ఆయనే పీట జరిపి కూర్చోమన్నాడు.

"జరం నువ్వే తెప్పిచ్చినవు బిడ్డా," అన్నాడు, కోపంగా కాదు. "మందు గూడ నువ్వే సూడాలె."

ఆ మాట వీపు మీద మోసుకుంటూ ఇల్లు చేరాను. నా నోటి నుంచి వచ్చిన చమత్కారానికి ఆయన పొయ్యి మీద కుండ బోర్లాపడింది. అమ్మ పెట్టిన అన్నం ఆరోజు సయించలేదు.

మందు అనుకోని చోటునుంచి వచ్చింది. కొత్త బ్లాకు మళ్లీ మొదలైన వారంలోనే, భోజనాల వేళ అందరూ క్యాంటీన్లో ఉండగా, పెద్దసారు ఒక్కడే మా ల్యాబ్‌కు వచ్చాడు. అదివరకు ఆయన అక్కడ కాలుపెట్టడం నేను చూడలేదు. జేబురుమాల్లో చుట్టిన చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టాడు. ఇది నీ పురుగులకు పోసి చూడు, ఎవరికీ చెప్పకు అన్నాడు. ఎక్కడిది అని నేను అడగలేదు. ఆయన ఎడమ మోకాలికి బురద అంటి ఉంది. ఆ వయసులో, ఆ పొట్టతో, జనం లేని వేళ చూసుకుని కొత్త బ్లాకు కాల్వ పక్కన మోకాలేసి కూర్చున్నాడన్నమాట. బోర్డు ఎదుట ట్యాంకు బాగుందని చెప్పాల్సింది ఆయనే కదా. అది మళ్లీ చస్తే ఆయన మాటా చస్తుంది.

మర్నాడు ఆయన వచ్చేసరికి సీసా తెల్లగా పాలిపోయి ఉంది. స్టూలు లాక్కుని కూర్చుని దాన్ని చూశాడు. వాము తీయలేదు. తర్వాత తెలిసిందేమిటంటే, ఎవాపరేటరు గొట్టాలు వానలకు ముందే పూడుకుపోయాయి. బాగుచేయిస్తే ప్రొడక్షన్ ఆగుతుంది. అందుకని చిక్కటి ద్రవాన్ని టీ టైముల్లో నేల కడిగిన నీళ్లతో కలిపి మా వైపు తోసేస్తున్నారు. పెద్దసారు లేచి, ఆపరేటరుకు జ్వరం తగ్గిందా అని అడిగాడు. తగ్గిందన్నాను. రేపట్నించి రమ్మను అన్నాడు. ఆయన చూద్దాం అనకుండా ఒక పని చెప్పడం నా సర్వీసులో అదే మొదటిసారి, ఆఖరుసారి కూడా.

ఎవాపరేటరు బాగయింది. ప్రొడక్షన్ హెడ్డుకు ఏ శిక్ష పడిందని అడుగుతారేమో. ప్రమోషన్ మీద ఇంకో ఫ్యాక్టరీకి వెళ్లాడు. వెళ్లేముందు మా ల్యాబ్‌కు వచ్చి, ముక్కుకు రుమాలు లేకుండానే, ఆ పురుగుల్ని ఒకసారి చూస్తానన్నాడు. చూపించాను. మైక్రోస్కోపు మీంచి కన్ను తీయకుండా, ఇంత చిన్నవా అన్నాడు.  కాకా తిరిగొచ్చి, ట్యాంకు బతకడానికి కారణం తన నిమ్మకాయేనని అందరికీ చెప్పుకున్నాడు. నేను కాదనలేదు. ఆయన బాకీ అలా కొంచెం తీర్చుకున్నాను.

బోర్డు వాళ్లు మళ్లీ వచ్చిన రోజున ట్యాంకు చుట్టూ ముగ్గొక్కటే తక్కువ. వచ్చినాయన నీళ్లు గ్లాసులో పట్టి వెలుతురుకు పెట్టి చూశాడు. మెచ్చుకున్నాడు. ఇంత త్వరగా ఎలా కోలుకుంది, కల్చర్ ఎక్కడిది అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు పెద్దసారు ఛాతీ విరుచుకుని, "ఇంపోర్టెడ్" అన్నాడు. వచ్చినాయన గౌరవంగా తలూపి, అందుకే అన్నాడు. నా పక్కన కాకా కొయ్యబొమ్మలా నిలబడ్డాడు గాని, ఆయన పొట్ట మాత్రం అదురుతోంది.

ఆ సాయంత్రం గ్రాంట్ రోడ్‌లో దిగి నేరుగా అక్కావాళ్లింటికి వెళ్లాను. బావ పని నుంచి వచ్చి స్నానం చేసి, గ్యాలరీలో బనీనుతో కూర్చుని టీ తాగుతున్నాడు. కింద గల్లీలో ఎప్పటి గోలే. జరిగింది మొత్తం చెప్పి, మీ మోరీ సరుకును మా సారు ఇంపోర్టెడ్ అన్నాడు బావా, ఎంత అబద్ధమో చూడు అన్నాను. ఆయన పగలబడి నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. సాసర్లో టీ పోసుకుని, ఊదుకుని తాగాడు.

"అబద్ధం ఏమున్నది మర్దలా?" అన్నాడు. "మన తాతలను పాలమూరు నుంచి తెచ్చుకున్నరు గదా ఈ ఊరోళ్లు."